మా రక్తంలో లేదన్న తెలివి

నా చిన్నప్పుడు పొడంపేటలో మా బడికి బరంపురం నుంచి ఒక ఆఫీసరుగారు వచ్చి తెలివి పరీక్ష పెట్టారు. కరెంటు దీపం బొమ్మ చూపించి, అందులో ఏం తక్కువైందో రాయమన్నారు. మా ఊళ్ళో అప్పటికి కరెంటే లేదు. నేను కిరసనాయిలు తక్కువైందని రాశాను.

ఆయన నవ్వారు. చేపలు పట్టేవాళ్ళ రక్తంలోనే చదువు లేదని మాస్టారితో అందరి ముందూ అన్నారు. ఆ మాట సాయంత్రానికల్లా మా ఇంటికి చేరింది. ఇక బడి మాని అమ్మతోపాటు చేపల తట్ట మొయ్యమన్నాడు మా నాన్న. నాకు ఏడుపు కన్నా కోపమే ఎక్కువ వచ్చింది.

మర్నాడు పొద్దున్నే మా తాతయ్య నన్నూ అన్ననూ ఇసకలో కూర్చోబెట్టి, చెరొక వల అల్లే సూది ఇచ్చాడు. మాలో ఆడపిల్లలు వల అల్లరు. చూసినవాళ్ళంతా ముక్కున వేలేసుకున్నారు. అన్న వలకి పది కళ్ళు వేసేసరికి నాది ఒక్క ముడీ నిలవలేదు. వాడికది పుట్టుకతోనే వచ్చిందని ఉక్రోషంగా అన్నాను.

"ఆడి సెయ్యి రవ్వంత సురుగ్గుందని నానే సిన్నప్పుడే సూదిచ్చాను. బాగా అల్లాడని మళ్ళీ ఇచ్చాను. నీకు ఇన్నాళ్ళూ ఎవులిచ్చారే?" అన్నాడు తాతయ్య.

వచ్చే పౌర్ణమికి నేను అన్నతో సమానంగా అల్లితే బడికి పంపాలని నాన్నను ఒప్పించాడు. నెల రోజులు వేళ్ళు కోసుకుపోయేలా అల్లాను. పౌర్ణమినాడు మా ఇద్దరి వల ముక్కలూ తాతయ్య నాన్న ముందు పరిచాడు. నాన్న ఒక్కో కన్నులో వేలు పెట్టి చూశాడు. ఏది ఎవరిదో పోల్చుకోలేకపోయాడు.

"మరి దీని రగతం ఈ నెల్లోనే మారిపోనాదేట్రా?" అన్నాడు తాతయ్య.

మర్నాడు నేను బడికి వెళ్ళాను. పెద్దయ్యాక బడిపంతులమ్మనయ్యాను.

మొన్న బరంపురంలోని గోసాని నువాగాంలో నా మనవరాలికి అలాంటి పరీక్షే పెడితే బడికంతటికీ మొదట వచ్చింది. ఈ తెలివి ఎక్కణ్ణుంచి వచ్చిందని అక్కడి టీచరమ్మ ఆశ్చర్యపోయింది. చేపలు పట్టేవాళ్ళ రక్తమేనమ్మా అన్నాను. రక్తం మారలేదు. మూడు పూటలా తిండి వచ్చింది, ఇంట్లో పుస్తకాలు వచ్చాయి, దీపానికి స్విచ్చి వచ్చింది. ఏ పిల్లకైనా తెలివి లేదని నా ఎదుట ఎవరన్నా అంటే, దాని చేతికి సూది ఎవరిచ్చారని ఇప్పటికీ నిలదీస్తాను.