రద్దు కాని అయిదు నెలలు

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో సంబంధం కుదరాలంటే జాతకాలకంటే ముందు రక్తపరీక్ష కాగితం చూస్తారు. కిడ్నీ జబ్బు ఏ గడప తొక్కిందో, ఏ గడప వదిలిందో పైకి తెలియదు కాబట్టి ఆడపిల్లవారు మొహమాటపడకుండా అడుగుతారు, మగపిల్లవారు నొచ్చుకోకుండా ఇస్తారు. కోటబొమ్మాళి దగ్గర నాలుగెకరాల రైతు అప్పలసూరి కూడా అలాగే అడిగాడు. ఇచ్చిన కాగితాన్ని టెక్కలిలో మందుల షాపువాడికి చూపించి, "కిడ్నీలు నిక్షేపంగా ఉన్నాయి" అని అతనిచేత అనిపించుకున్నాకే తాంబూలాలు పుచ్చుకున్నాడు. కూతురు సుప్రజని వజ్రపుకొత్తూరు వైపు ఒక ఊరిలో ఉన్న దుర్గాప్రసాద్‌కి ఇచ్చి వైశాఖంలో పెళ్లి చేశాడు.

ప్రసాద్ పలాసలో ఆటో నడిపేవాడు. సుప్రజ అక్కడే జీడిపప్పు ఫ్యాక్టరీలో పొట్టు తీసే పనికి కుదిరింది. పొద్దున్న అతని ఆటోలోనే వెళ్లేది. అతను తక్కువ మాటల మనిషి, కానీ అద్దంలోంచి చూసి నవ్వేవాడు. పెళ్లయిన అయిదో నెలలో అతని పాదాలు వాచాయి. తిన్నది నిలవలేదు. ఆసుపత్రిలో డాక్టరు పాత ఫైలు తిరగేసి, "కిడ్నీలు దెబ్బతిన్నాయని రెండేళ్ల కిందటే చెప్పాను కదయ్యా, మందులు ఎందుకు మానేశావు?" అన్నాడు.

రెండేళ్లు. సుప్రజ ఆ మాట దగ్గరే ఆగిపోయింది.

ఇంటికి వచ్చాక అత్త రత్నాలమ్మ దాచలేదు. "ఆడి పేరు మీద ఆడి తమ్ముడు శ్రీకర్ పరీక్షకి రక్తం ఇచ్చినాడమ్మా. నానే పంపినాను. ఆడికీ ఒక ఇల్లు కావాలనుకున్నాను, తప్పైపోనాది" అని నేలమీద చతికిలబడింది.

సుప్రజ మొగుడి వైపు తిరిగింది. "నీకు తెల్సా?"

"తెల్సు. పీటల మీద కూకున్నప్పుడైనా సెప్పొచ్చు. నోరు రానేదు."

పదకొండు రోజులు ఆమె అతనితో మాట్లాడలేదు. పుట్టింటికి పోదామని సంచి సర్దింది కూడా. ఆ మంగళవారమే మొదటి డయాలసిస్. శ్రీకర్ విశాఖలో పనిలో ఉన్నాడు, అత్తకి మోకాళ్లు లేవవు. ఎవరో ఒకరు తీసుకెళ్లాలి కదా అని సంచి అక్కడే వదిలి వెళ్లింది. తరవాత శుక్రవారం వచ్చింది. మళ్లీ మంగళవారం. వెంట వచ్చినవారి పేరు, సంబంధం, సంతకం: ఆసుపత్రి రిజిస్టరులో ఆ మూడు గడులూ ప్రతిసారీ ఆమే నింపేది. నీళ్లు ఎక్కువ తాగకూడదు కాబట్టి రోజుకి ఎన్ని తాగాలో గ్లాసుతో కొలిచి పోసేది. ఒకసారి పక్క మంచం ముసలావిడ, "మీ ఆయన తాగుతాడా అమ్మీ?" అంటే, "నా మొగుడు ఏటీ తాగడు అవ్వా, ఆకరికి నీళ్లు కూడా" అంది. ప్రసాద్ నవ్వాడు. ఆమెకి నవ్వు రాకపోయినా, అతను నవ్వినందుకు మనసు కాస్త తేలికైంది. కోపం పోలేదు. కోపంతోనే కొలిచి పోసేది.

అలా అయిదు నెలలు గడిచాక సంగతి తెలిసి అప్పలసూరి ఊగిపోతూ వచ్చాడు. ప్రసాద్ అతని కాళ్లు పట్టుకోలేదు, ఎదురు చెప్పలేదు. "తీసుకెళ్లిపో మావా. లాయరు దగ్గరికెళ్లి పెళ్లి రద్దు సేయించీయండి. మోసం సేసినానని కోర్టులో నానే సెప్తాను" అన్నాడు. తరవాత ఇద్దరే ఉన్నప్పుడు సుప్రజతో మెల్లగా అన్నాడు: "విడాకులైతే ఇడిసిపెట్టిందంటారు. నాను పోతే ఇంకో మాటంటారు. ఇదైతే అసలు పెళ్లే అవనట్టంట. నానివ్వగలిగింది ఇదొక్కటే."

టెక్కలిలో లాయరు త్రిపురసుందరి ఓపిగ్గా చెప్పింది. "విడాకులంటే జరిగిన పెళ్లి తెగిపోవడం. రద్దంటే వేరు. మోసంతో మీ ఒప్పుదల తీసుకున్నారు కాబట్టి ఆ పెళ్లిని చట్టం లెక్కలోంచి తీసేయమని అడగడం. మోసం తెలిసిన ఏడాదిలోపు వెయ్యాలి, దానికి ఇంకా టైముంది. రెండోది చూడాలి." కళ్లజోడు సవరించుకుంది. "తెలిసిన తరవాత ఎన్ని రోజులున్నావమ్మా అక్కడ?"

"ఆ రోజే వచ్చీసింది" అన్నాడు అప్పలసూరి.

"అయిదు నెలలు. డయాలసిస్‌కి ఎల్లిన ప్రతిసారీ రిజిస్టరులో నానే సంతకం ఎట్టినాను" అంది సుప్రజ.

లాయరు పెన్ను కింద పెట్టింది. "తెలిసీ ఇష్టంగా కాపురం చేస్తే ఇక రద్దు అడగడానికి ఉండదు. మీరు దాచినా రిజిస్టరులో నీ సంతకాలున్నాయి కదా. ఇష్టం లేకుండా ఉన్నావా? బెదిరించారా? అదే నిజమైతే రాస్తాను. కాకపోతే ఈ దారి లేదు."

"బెదిరించారనే రాసీయండమ్మా" అన్నాడు అప్పలసూరి. కూతురి చెయ్యి పట్టుకున్నాడు. "ఒలే అమ్మీ, ఒక్క మాట. ఆడే ఒప్పుకుంటానన్నాడు కదా. నీకు ఇరవై నాలుగేళ్లే."

నాన్న చెప్పింది అబద్ధమైనా తన బతుకు కోసమేనని సుప్రజకి తెలుసు. సంచి సర్దిన రోజు గుర్తొచ్చింది. తలుపు తీసే ఉంది. ఎవరూ ఆపలేదు. అత్త అడ్డం రాలేదు, అతను చెయ్యి పట్టుకోలేదు. ఆపి ఉంటే ఎంత బాగుండేదో ఇప్పుడనిపించింది.

"మోసం సేసినారని ఎన్నిసార్లైనా సెప్తాను మేడమ్. అది నిజం. నన్ను ఆపినారని మాత్రం సెప్పలేను. నాకు నానే ఉన్నాను."

అప్పలసూరి లేచి వెళ్లిపోయాడు. బస్టాండులో కూతురి పక్కన నిలబడకుండా ఎడంగా నిలబడి, కోటబొమ్మాళి బస్సు రాగానే వెనక్కి చూడకుండా ఎక్కాడు. సుప్రజ పలాస బస్సెక్కింది.

ఆ రోజు శుక్రవారం. ప్రసాద్‌ని పక్కింటివాళ్ల ఆటోలో పంపినట్టున్నారు, అప్పటికే మిషను తిరుగుతోంది. ఆమెని చూసి తల ఎత్తబోయాడు.

"లాయరు కాగితాల మీద సంతకం ఎట్టీసినావా?"

"ఎట్టీసినాను."

కళ్లు మూసుకున్నాడు. మొహంలో ఏదో బరువు దిగినట్టయింది. కాసేపయ్యాక కళ్లు తెరవకుండానే, "మరేటి ఇలాగొచ్చినావు? ఇప్పుడెవరవుతావని?" అన్నాడు.

"నా టిఫినుబాక్సు మీ ఇంట్లో ఉండిపోనాది. కొత్తది."

"పట్టుకెళ్లిపో. మళ్లీ రాకు."

"ఊఁ."

అయిదు నెలల్లో మిషను మీద ఉండగా అతను నిద్రపోవడం అదే మొదటిసారి. నోరు కొంచెం తెరుచుకుని, చిన్నపిల్లాడిలా పడుకున్నాడు. నర్సు రిజిస్టరు తెచ్చి మంచం చివర పెట్టింది. సుప్రజ తన పేరు రాసింది. పక్క గడిలో 'భార్య' అని రాసి, సంతకం పెట్టి, అతను లేచేలోపే పుస్తకం మూసి ఇచ్చేసింది.