మోతి కాలికి పైసా ఖర్చు కాలేదు

ఆ రోజుల్లో మా ఇబ్రహీంపట్నం వైపు ఎముకలు కట్టేవాడిని ‘ఎంతవుతుంది?’ అని అడగడం మహాపరాధం. పైసలు ముట్టుకుంటే చేతిలోని గుణం పోతుందని నమ్మకం. అందుకని వాళ్ళు పైసా పుచ్చుకునేవారు కాదు. కట్టు విప్పేదాకా, వచ్చినప్పుడల్లా కడుపునిండా తిని పోయేవారు, అంతే. కట్టు కట్టినవాడు ఆ ఇంట్లో పస్తుంటే విరిగిన బొక్క అతకదని ఇంకో నమ్మకం. (ఈ రెండు నమ్మకాలనూ ఎవరు పుట్టించారో గాని, తప్పకుండా ఎముకలు కట్టేవాడే అయి ఉంటాడు.) మొన్న మా మనవడు తన కుక్కపిల్ల కాలు విరిగిందని పట్నంలో డాక్టరుకు వేలకు వేలు పోసి వచ్చి, తల పట్టుకుని కూర్చుంటే నాకు నవ్వాగలేదు. ఉచిత వైద్యం ఎంత ఖరీదో వాడికేం తెలుసు!

నాకప్పుడు పదమూడో పధ్నాలుగో ఏళ్ళు. ఇంట్లో నాకంటూ ఉన్న ఆస్తి నా కోళ్ళు. ఎర్రది, నల్లది, చుక్కలది, ఒక పుంజు, మెడ మీద ఈకలు లేని బోడమెడ పెట్ట. వాటిని పెంచి అమ్ముకుని కాళ్ళకు వెండి కడియాలు చేయించుకోవాలని నా పంతం. పక్కింటి పిల్ల తన కడియాలు మోగించుకుంటూ పనిగట్టుకుని మా వాకిట్లోంచే నడిచేది, దాని మొహం మండ! “కోళ్ళు నీయి, కడియాలు నీయి, నేనైతె అడ్డం రాను బిడ్డా” అని బాపు మాట కూడా ఇచ్చాడు.

అది నైజాము రాజ్యం, గుర్రాల మీదొచ్చే రజాకార్ల భయం కాలం. పొద్దుగూకితే ఊరంతా తలుపులు బిడాయించుకునేది. మా బాపు మాత్రం అరుగు మీద కూర్చుని మీసం దువ్వుతూ, “రానీయిండ్రి, ఒక్కొక్కన్ని గడ్డపారతోని పొడుస్త” అనేవాడు. ఒక సాయంత్రం వీధి చివర టకటకమని గిట్టల చప్పుడైంది. గుర్రాలు! బాపుకు గడ్డపారా గుర్తు రాలేదు, మీసమూ గుర్తు రాలేదు. ఒక్క ఉరుకున పెరట్లోకి వచ్చి, గోడెక్కి, కళ్ళు మూసుకుని అవతలికి దూకాడు. అవతల మా కుక్క మోతి హాయిగా పడుకుని ఉంది. ఇంతకీ వచ్చినవి చెరువు నుంచి బట్టల మూటలతో తిరిగొస్తున్న చాకలాయన గాడిదలు. పెరట్లో కోళ్ళను గంప కింద కమ్ముతున్న నేనొక్కదాన్నే ఇదంతా చూశాను. కాలు విరిగిన మోతిని ఎత్తుకుని వచ్చిన బాపు, నన్ను చూసి నోటి మీద వేలు పెట్టుకున్నాడు.

తెల్లారేసరికి కథ మారిపోయింది. “రజాకారోడు లాఠీ ఎత్తిండు. మోతిగాడు అడ్డం దునికిండు. లేకుంటె నేను మీకు దక్కకపోదును” అని బాపు వచ్చినవాళ్ళకల్లా చెబుతున్నాడు. ఊరు ఊరంతా కుక్కను చూడటానికి వచ్చింది. ఒకావిడ బొట్టు కూడా పెట్టింది. మోతి మాత్రం బాపు దగ్గరికి వస్తే చాలు మూలకు జరిగేది. అమ్మ, “పట్నంల పశువుల దవాఖాన ఉన్నదట, రెండు రూపాలు తీస్కుంటరట, బండి కట్టుకొని పోరాదు?” అంది. బాపు కస్సుమన్నాడు. “కుక్క కాలుకు రెండు రూపాలా? పైస ఖర్సు లేకుంట కట్టిస్త సూడు” అని పక్కనున్న మంచాల ఊరి నుంచి ఎముకలు కట్టే తాతను పిలిపించాడు.

మంచాల తాత బక్కపలచని మనిషి, కడుపు మాత్రం చెరువు. “సర్కారు మీద కొట్లాడిన కుక్క. నేను గాకపోతె ఎవడు కడ్తడు?” అని వెదురు బద్దలు పెట్టి, కోడిగుడ్డు సొన పూసి, ఎంతో శ్రద్ధగా కట్టు కట్టాడు. (గుడ్లు నావే.) తర్వాత నా కోళ్ళ వైపు తిరిగి, “బొక్క అతకాలంటె రోగికి కోడి రసం తాగియ్యాలె” అన్నాడు. అలా ఎర్రది పోయింది. రసం మోతికి, ముక్కలు తాతకు, ఈకలు నాకు. నేను ఏడుస్తుంటే బాపు, “ఒక్క కోడే గద బిడ్డా” అని బుజ్జగించాడు.

తెల్లారి తాత పోదామని చేతికర్ర తీసుకునేసరికి ఆకాశంలో విమానాలు తిరిగాయి. హిందుస్తాన్ మిల్ట్రీ వస్తోందన్నారు, బాటలన్నీ బందన్నారు. తాత చేతికర్రను మళ్ళీ మూలకు ఆనించాడు. నల్లది పోయింది. మిల్ట్రీ వచ్చింది, నైజాము లొంగిపోయాడని ఊళ్ళో జెండాలెత్తి ఎగిరారు. ఆ సంతోషంలో చుక్కలది పోయింది. తర్వాత మిల్ట్రీవాళ్ళు సంఘపోళ్ళ కోసం, అంటే కమ్యూనిస్టుల కోసం, బాట మీద పోయేవాళ్ళనందరినీ ఆపుతున్నారని తెలిసి తాత, “జర నిమ్మళమైనంక పోత, నాకేం ఫికర్ లేదు” అన్నాడు. ఫికరంతా నాది. పుంజు కూడా పోయాక పొద్దున్నే కూసేవాడు లేక తాత ఇంకా ఆలస్యంగా లేచేవాడు. నైజాము రాజ్యం నా కళ్ళముందే పోయిందంటారు గాని, నా రాజ్యం పోయిన దుఃఖంలో నాకది కనబడనే లేదు.

ఇక మిగిలింది బోడమెడ. అమ్మ కత్తిపీట తీయగానే బాపును పెరట్లోకి లాగాను. “దాన్ని ముట్టుకుంటె గోడ ముచ్చట ఊరంత చెప్త!” బాపు మొహం పాలిపోయింది. లోపలికి పోయి, “తాతా, ఆ కోడికి రోగమొచ్చింది, తినేటట్టు లేదు” అన్నాడు. తాత కళ్ళు మెరిశాయి. “రోగమా? కోళ్ళకు గూడ మందిస్త. ఇంకిన్ని దినాలుంట. పైస వద్దు!” అన్నాడు. బాపు అరుగు మీద కూలబడ్డాడు.

చివరికి కట్టు విప్పే రోజు వచ్చింది. వీరకుక్క నడక చూడాలని జనం మా పెరట్లో నిండిపోయారు. తాత బద్దలు తీసి మోతిని నేల మీద నిలబెట్టాడు. అది కాలు ఎత్తుకుని నిలబడింది గాని అడుగు వేయదు. తాత బతిమాలాడు, అదిలించాడు, లాభం లేదు. సరిగ్గా అప్పుడే వీధిలో టకటకమని గిట్టల చప్పుడు. మేమంతా అటు తిరిగి మళ్ళీ ఇటు చూసేసరికి మా బాపు గోడ మీదున్నాడు! మోతి తల ఎత్తింది. గోడ మీద బాపును చూసింది. కుయ్యిమని ఒక్క అరుపు అరిచి, నాలుగు కాళ్ళూ నేలకు తాకించి, జనం కాళ్ళ సందుల్లోంచి చెరువు కట్ట దాకా ఆగకుండా ఉరికింది. తాత ఒకసారి గోడను, ఒకసారి బాపును చూసి, “ఓహో! కుక్క కాలు ఇరగ్గొట్టిన రజాకారోడు గీయనేనా!” అన్నాడు. ఆ నవ్వులకు చాకలాయన గాడిదలు కూడా బెదిరాయి.

ఆ సాయంత్రమే తాత బయల్దేరాడు. బాపు వెంటపడి, “తాతా, ఈ ముచ్చట మంచాలల చెప్పకు” అంటూ బోడమెడను ఆయన చంకలో పెట్టాడు. తాత చెప్పకుండా ఉంటాడా? మంచాల అంతా చెప్పాడు, కోడినీ తిన్నాడు. నేను రెండు రోజులు బాపుతో మాట్లాడలేదు, అన్నం దగ్గరా తల ఎత్తలేదు. మూడో నాడు బాపు పొద్దున్నే ఎటో పోయి, పొద్దుగూకినాక వచ్చి, నా ఒళ్ళో ఒక గుడ్డ మూట పడేశాడు. వెండి కడియాలు! అమ్మ ఆయన నడుము వైపు చూసి, తాతలనాటి వెండి మొలతాడు లేదని కనిపెట్టి, కొంగు నోట్లో కుక్కుకుంది. “ఇగ గోడ దునికినవంటె ధోతి ఇవుతల్నే ఉంటది, చూసుకో” అంది. బాపు కూడా నవ్వాడు. నాకు మాత్రం ఏడుపొచ్చింది.

ఇప్పుడు ఆ కడియాలు నా వాచిన కాళ్ళకు పట్టవు, పెట్టెలో ఉన్నాయి. మొన్న మా మనవడు డాక్టరు బిల్లు మడిచి జేబులో పెట్టుకుంటూ, “అవ్వా, మీ కుక్కకు గప్పుడు ఎంతయ్యింది?” అని అడిగాడు. నేను పెట్టె తెరిచి, కడియాలు ఒళ్ళో పెట్టుకుని, వాటిలో కరిగిన బాపు మొలతాడును వేళ్ళతో తడుముతూ చెప్పాను.

“ఏం కాలే బిడ్డా. మంచాల తాత పైస ముట్టలే.”