కండువా నిలవని కారు

మా పుట్టింట్లో దయ్యం కబుర్లు సాగేవి కావు. మా నాన్నగారు రాజోల్లో సైన్సు మాస్టారు. పిల్లల్లో ఎవరైనా ఏదో కనిపించిందని పరిగెత్తుకొస్తే ఆయన కోప్పడేవారు కాదు. ఎంత దూరంలో కనిపించింది, వెలుతురు ఎటునుంచి పడుతోంది, నీతోపాటు ఇంకెవరు చూశారు అని వరసగా అడిగేవారు. మూడో ప్రశ్న దాకా నిలబడిన దయ్యం మా ఇంట్లో ఒక్కటీ లేదు. నేనూ అలాగే పెరిగాను. పెళ్ళయి అత్తవారింటికి వచ్చాక, అక్కడ చెప్పుకునే పిశాచాల కథలకి పకపకా నవ్వి తోడికోడలి చేత చీవాట్లు కూడా తిన్నాను.

అందుకే ఈ సంగతి చెప్పడానికి ఇన్నేళ్ళు జంకాను. ఇప్పుడు వయసు మీదపడింది. ఎవరు నవ్వినా నాకు పోయేదేమీ లేదు.

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో కాకినాడలో ఒక కంపెనీ దొర సీమకి వెళ్ళిపోతూ తన కారు అమ్మేశాడు. దాన్ని మా ఆయన కొన్నారు, ఇంట్లో ఎవరికీ చెప్పకుండా. రేసుల కోసం చేసిన చిన్న కారు. రెండే సీట్లు. ముదురాకుపచ్చ రంగు, బయటికి పొడుచుకొచ్చిన గుండ్రటి దీపాలు. వానకి వేసుకునే గుడ్డ టాపు ఒకప్పుడు ఉండేదట గానీ, దాన్ని ఆ దొర ఎలకలకి అప్పగించాడు. కోటిపల్లి రేవులో పంటు మీద గోదావరి దాటించి, అమలాపురం పక్కనున్న మా ఊరికి తీసుకొచ్చారు. కాలవ గట్టు పొడుగునా ఊరి పిల్లలందరూ వెంటపడి వచ్చారు.

మావయ్యగారు అరుగు మీద నిలబడి చూశారు. కండువా లేకుండా ఆయన గుమ్మం దాటడం నేనెప్పుడూ చూడలేదు. మడత నలగని తెల్ల కండువా, ఎడమ భుజం మీద. ఊళ్ళో తగువులు తీర్చే మనిషి, ఎదురుపడితే జనం పక్కకి తప్పుకునే మనిషి. కారు చుట్టూ ఒకసారి తిరిగి, "మీద కండువా నిలవని బండి నేనెక్కనురా" అని లోపలికి వెళ్ళిపోయారు.

అంతే. అరిస్తే బాగుండేది, మా ఆయన కూడా అరిచి ఊరుకునేవారు. తర్వాత రెండేళ్ళపాటు ఎక్కమని ఈయన, ఎక్కనని ఆయన. అమలాపురం కోర్టుకి ఇద్దరూ ఒకే రోజున వెళ్ళాల్సివస్తే కొడుకు కారులో, తండ్రి గూడుబండిలో. మధ్యలో నవ్వాలో ఏడవాలో తెలియక నేను.

మా ఆయన అంత పట్టు పట్టడానికి కారణం ఉంది. అది నాకొక్కదానికే చెప్పారు. చిన్నప్పుడు తండ్రితో తెరచాప పడవలో గోదావరి దాటుతున్నారట. నడి గోదారిలో గాలి అందుకుని పడవ దూసుకుపోతోంది. మావయ్యగారు భుజాన ఉన్న కండువా తీసి, తలకి చుట్టి, చెవులు మూసి గడ్డం కింద ముడేసుకుని, వెళ్ళి పడవ ముక్కు దగ్గర కూర్చున్నారట. గాలికి ఎదురుగా కూర్చుని చిన్నపిల్లాడిలా నవ్వారట. అవతలి ఒడ్డున మనుషులు కనిపించే దూరానికి రాగానే ముడి విప్పి, కండువా దులిపి మడతపెట్టి, మళ్ళీ ఎప్పటి మనిషైపోయారట. అమ్మతో అనకు అని కూడా చెప్పారట.

ఆయనకి గాలంటే ఇష్టం, ఆయన ఒప్పుకోరు గానీ, అనేవారు మా ఆయన. ఒక్కసారి తండ్రిని పక్కన కూర్చోబెట్టుకుని ఆ కారుని దానికి చేతనైనంత వేగంతో తోలాలని ఆయన కోరిక. ఇంకేమీ కోరుకోలేదు పాపం.

ఒక సాయంత్రం ఆ కోరిక తీరేదే, కాస్తలో తప్పిపోయింది. దొడ్డి వైపు మా ఆయన కారు తుడుస్తుంటే మావయ్యగారు వచ్చి తలుపు మీద చెయ్యి వేశారు. నేను పెరటి గుమ్మంలోంచి చూస్తున్నాను. ఎక్కేస్తారనే అనుకున్నాను. అంతలో కరణంగారు వస్తూ కనిపించారు. చెయ్యి తీసేసి, "ఎవరూ లేని చోటైతే చూద్దాంలే" అని గొంతు తగ్గించి అన్నారు. ఆ మాటకి మా ఆయన రాత్రంతా నిద్రపోలేదు. ఎవరూ లేని చోటు కోనసీమలో ఎక్కడుంది, అడుగుకో ఇల్లు, ఇంటికో అరుగు. వెతుకుతూనే ఉన్నారు. ఆ శ్రావణంలో మావయ్యగారు జ్వరంతో మంచమెక్కి, వారం తిరక్కుండా వెళ్ళిపోయారు.

ఏడాదిపాటు మా ఆయన కారు ముట్టుకోలేదు. తాటాకుల పాక కింద పెట్టేస్తే మా పిల్లి అందులో రెండు ఈతలు ఈనింది. సంవత్సరీకాలయ్యాక అత్తయ్యగారు ఆ బండి అమ్మేయరా నాయనా, చూస్తే బాధగా ఉంది అన్నారు. అమ్మేస్తానమ్మా, ఒక్కసారి దాని వేగం చూసి అమ్మేస్తాను అన్నారు.

ఆ రోజుల్లో కార్ల పిచ్చి ఉన్న భూస్వాములూ, వకీళ్ళూ, మిల్లు యజమానులూ కొందరు కలిసి ఉప్పలగుప్తం అవతల సముద్రపొడ్డున మాఘమాసంలో వేగం పోటీ పెట్టేవారు. సముద్రం వెనక్కి తగ్గినప్పుడు అక్కడ తడి ఇసక గచ్చులా గట్టిపడుతుంది. అయితే అక్కడికి చేరడం మాత్రం పెద్ద తతంగం. మెత్తటి ఇసక దిబ్బల మీద కొబ్బరి మట్టలు పరిచి, ఒక్కో కారుకీ ఎద్దుల్ని కట్టి లాగించేవారు. రేసు కారుని ఎద్దులు లాక్కుపోతుంటే మా ఆయన స్టీరింగు పట్టుకుని గంభీరంగా కూర్చున్నారు. మావయ్యగారుంటే ఏమనేవారో అనుకుని నవ్వాను, వెంటనే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

పోటీ ఎలాగంటే, కార్లు ఒక్కొక్కటిగా వెళ్ళాలి. ఈ చివర వకీలుగారు జెండా దించుతారు. రెండు మైళ్ళ అవతల కొత్తపేట డాక్టరుగారు దుర్భిణీలోంచి జెండా చూసి చెప్పగానే, ఆయన పక్కనున్న కాలవల ఓవర్సీరుగారు గడియారం నొక్కుతారు. కారులో తోలేవారు తప్ప ఇంకెవరూ ఉండకూడదు. అంతకుముందు ఏడాది పక్క సీట్లో కూర్చున్నవారెవరో ఎగిరిపడి భుజం విరగ్గొట్టుకున్నారట. అప్పటినుంచీ రెండో మనిషి ఉంటే పోటీలోంచి కొట్టేస్తారు.

మా ఆయన వంతు వచ్చింది. ఇక్కడ నేను చూసింది చూసినట్టు చెబుతాను. ఖాళీ సీటు గాలి పట్టకుండా దానిమీద కాన్వాసు గుడ్డ కప్పి, అంచు చుట్టూ నొక్కుడు బొత్తాలు పెట్టాలి. ఉప్పుగాలికి అవి బిగిసిపోయాయి. మా ఆయన ఇంజను చూసుకుంటున్నారు. అందుకని నేనే అన్నీ నొక్కాను. నా బొటనవేలు కందిపోయింది. కారులో మా ఆయన తప్ప ఇంకెవరూ లేరు. అంత గట్టిగా బిగించిన సీట్లో పిల్లి కూడా దూరలేదు.

వకీలుగారు జెండా దించారు. కారు గర్రుమంటూ బయల్దేరి, చూస్తుండగానే ఆకుపచ్చ చుక్కంత అయ్యింది. చప్పుడు మాత్రం చాలాసేపు వినబడింది. నేను దేవుడికి దణ్ణం పెట్టుకోలేదు, అది నాకు అలవాటు లేదు. చీర కొంగు మాత్రం నలిపి ముద్ద చేశాను.

కాసేపటికి డాక్టరుగారూ ఓవర్సీరుగారూ జీపులో, వాళ్ళ వెనకే మా ఆయన కారులో తిరిగొచ్చారు. అప్పటిదాకా మొదటి స్థానంలో ఉన్న రైసుమిల్లు ఆయన పెద్ద కారు కన్నా మా ఆయనది త్వరగా చేరింది. అయినా డాక్టరుగారి ముఖం మాడిపోయి ఉంది.

"మీ పక్కన ఒక పెద్దాయన కూర్చున్నారు కదండీ. రూలు తెలిసి కూడా ఇలా చేస్తే ఎలాగండి?" అన్నారాయన.

మా ఆయన ఎగిరిపడ్డారు. ఆయన్ని అంత కోపంతో చూడడం అదే మొదలు, అదే ఆఖరు అని అందరూ తర్వాత నాతో అన్నారు. వకీలుగారు కలగజేసుకుని, ఒక్కరే బయల్దేరారు, జెండా దించింది నేనే అన్నారు. అయితే దోవలో ఎక్కించుకుని ఉంటారు, చివరికి వచ్చేలోగా దించేసి ఉంటారు అన్నారు ఓవర్సీరుగారు. సరే చూద్దాం పదమని జీపు వేసుకుని నలుగురు వెళ్ళారు. తడి ఇసక మీద కాకి నడిచినా అచ్చు పడుతుంది. రెండు మైళ్ళూ టైర్ల చారలే తప్ప ఒక్క కాలి గుర్తు లేదు. వచ్చి కాన్వాసు చూశారు. నేను పెట్టిన బొత్తాలు పెట్టినట్టే ఉన్నాయి. ఓవర్సీరుగారు ఒకటి ఊడదీయబోయి ఊడదీయలేకపోయారు. నా బొటనవేలు కూడా చూపించాను.

డాక్టరుగారు మర్యాదస్తులు. మేమే పొరబడ్డామండీ, ఏమీ అనుకోకండి, పందెం మీదే అన్నారు. అక్కడితో అయిపోవాల్సిందే. నేనే ఊరుకోలేదు. మా నాన్నగారి ప్రశ్నలు నా నోట్లోంచి వాటంతటవే వచ్చాయి.

ఎంత దూరంలో చూశారని అడిగాను. సగం దాటాక, ఇంకా అర మైలు ఉందనగా, దుర్భిణీలో అన్నారు. వెలుతురు ఎటునుంచి అని అడిగాను. సూర్యుడు తమ వీపు వెనక ఉన్నాడనీ, ఎండ నేరుగా కారు మీదే పడుతోందనీ చెప్పారు. ఇంకెవరు చూశారని అడిగాను. ఓవర్సీరుగారు ఇబ్బందిగా కదిలి, నమ్మలేక దుర్భిణీ లాక్కుని నేనూ చూసేనండి అన్నారు. మా నాన్నగారి మూడో ప్రశ్న దాటి నిలబడింది అదొక్కటే.

అప్పుడు డాక్టరుగారు తనలో తను అనుకుంటున్నట్టు అన్నారు. "తెల్లబట్టలండి. కండువా తలకి చుట్టి గడ్డం కింద ముడేసుకున్నారు. నవ్వుతున్నారండి ఆయన."

మా ఆయన కళ్ళజోడు తుడుచుకుంటున్నారు. ఆ చెయ్యి ఆగిపోయింది. నా ఒళ్ళు ఝల్లుమంది, దాచడమెందుకు.

డాక్టరుగారిది మద్రాసు వైపు. కొత్తపేట వచ్చి ఏడాది కూడా కాలేదు, మావయ్యగారిని చూసే వీలే లేదు. చూసినవాళ్ళు కూడా భుజం మీద కండువానే చూశారు. ఆ పడవ నడిపిన ముసలి సరంగు ఎప్పుడో పోయాడు. ఇక ఆ ముడి సంగతి తెలిసినవాళ్ళం లోకంలో ఇద్దరం, మా ఆయనా నేనూ. నేనెవరికీ చెప్పలేదు. ఆయనా చెప్పలేదని ఒట్టేశారు.

మా ఆయన కళ్ళజోడు పెట్టుకుని, ఆ పెద్దాయన ఎప్పుడు కనపడకుండా పోయారని మెల్లగా అడిగారు.

"మేం నిలబడ్డ చోటు మీకు కనిపించే దూరానికి వచ్చేరు కదండీ, అప్పటికే లేరండి" అన్నారు డాక్టరుగారు.

మా ఆయన సముద్రం వైపు తిరిగి నిలబడ్డారు. భుజాలు కదలడం నాకు కనిపించింది. మళ్ళీ ఇటు తిరిగేసరికి ముఖం తేటపడింది.

"నన్ను కొట్టేయండి డాక్టరుగారూ. ఇద్దరం వచ్చేం" అన్నారు.

అందరూ తెల్లబోయారు. బొత్తాలు చూపించారు, కాలి గుర్తులు లేవన్నారు, వకీలుగారైతే ఎండదెబ్బేమో అని మజ్జిగ తెప్పించారు. మా ఆయన వినలేదు. లేదండీ, ఆయ్, ఇద్దరం ఉన్నాం, రూలు రూలే అని చేతులు జోడించారు. గెలిచినవారికిచ్చే వెండి కప్పు మిల్లు ఆయన పట్టుకుపోయారు.

దోవలో నేను అడిగాను, నీకేమైనా తెలిసిందా అని. అందరి ముందూ మీరే గానీ, ఇద్దరమే ఉన్నప్పుడు నువ్వనేదాన్ని. ఏమీ తెలియలేదన్నారు. వేగం చూపే ముల్లు డెబ్భై మైళ్ళు దాటిందట. అంత వేగంలో పక్కకి చూస్తే స్టీరింగు తప్పుతుందని చూడలేదట. ఇసక మీద కుడికి లాగే కారు, సగం దాటాక తిన్నగా పోయిందట. "చూసుంటే బావుండేది" అని ఒక్క మాట అన్నారు. ఆ మాట తర్వాత కూడా ఎన్నోసార్లు అన్నారు.

ఇంటికి వెళ్ళేటప్పుడు ఆ సీట్లో కూర్చున్నది నేనే. కూర్చోబోయే ముందు చేత్తో తడిమి చూశాను. వెచ్చగా ఉందని చెబితే కథ బావుంటుంది. లేదు, మామూలుగానే ఉంది. దిబ్బలు దాటి సరుగుడు తోటల మధ్య ఎవరూ లేని బాట వచ్చాక, మా ఆయన నా వైపు చూసి, కొంగు తలకి చుట్టుకోమన్నారు. గడ్డం కింద ముడేసుకున్నాను. ఉప్పలగుప్తం ఇళ్ళు కనిపించగానే ఎవరూ చెప్పకుండానే విప్పేశాను.

ఎండలు ముదిరేలోగా కారు అమ్మేశాం. ఇప్పుడు మా ఆయన కూడా లేరు. ఎండకి తడి ఇసక మీద ఆవిరి లేచి ఏదో కనిపించి ఉంటుందని నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. ఆవిరికి కండువా ముడేసుకోవడం ఎవరు నేర్పారో మాత్రం చెప్పుకోలేకపోయాను. దయ్యాల్ని ఇప్పటికీ నమ్మను. కానీ ఆ రోజు ఓడిపోయి ఇంటికొస్తూ మా ఆయన ఎంత సంతోషంగా ఉన్నారో, ఆ తర్వాత ఏది గెలిచీ అంత సంతోషంగా రాలేదు.