తిండి గడిలో రాసిన విత్తనం

ఆ అవ్వ పేరు మర్చిపోయాను. అరచెయ్యి మాత్రం మరుపు రాదు. బెళుగుప్ప దగ్గరి ఊళ్ళో, నాతో మాట్లాడినంతసేపూ దాన్ని ఒక కుండ మూతి మీదే ఆనించి ఉంచింది.

పంతొమ్మిది వందల యాభైల చివర్లో నేను లెక్కల ఆఫీసులో కొత్త గుమాస్తాని. ఇరవై ఏళ్ళ తర్వాత దేశానికి ఎంత తిండి కావాలో, ఎంత పండుతుందో అంచనా వెయ్యడానికని మమ్మల్ని ఇల్లిల్లూ తిప్పారు.

"ఇంట్లో గింజలు ఎన్ని ఉండాయవ్వా?"

"తినేదానికి ఏమీ లేవప్పా. ఈ కుండలో కొర్రలుండాయి. అవి తిండి కాదు, విత్తనం."

నా కాగితంలో విత్తనానికి గడి లేదు. 'ఇంట్లో ఉన్న ఆహారధాన్యం' అని ఒక్కటే గడి. కుండెడు కొర్రలూ అందులోకే ఎక్కించాను. ఆ ఊళ్ళో ప్రతి ఇంటికీ అట్లాగే రాశాను. చేతిరాత ముత్యాల్లా ఉందని పై అధికారి మెచ్చుకుంటే పొంగిపోయాను కూడా.

మరుసటేడు చినుకు లేదు. చుట్టుపక్కల ఊళ్ళలో గంజి కేంద్రాలు పెట్టారు. ఆ ఊరికి మాత్రం, నా కాగితాలు చూసి, గింజలున్నాయి కదా అని పెట్టలేదు.

ఆపై ఏడాది వానలు పడి విత్తడానికి మంచి పదునైంది. మళ్ళీ వెళ్ళాను. అవ్వ చేను బీడుగానే ఉంది. ఇంట్లో కుండ బోర్లించి ఉంది. చెయ్యి ఇంకా దాని మీదే.

"విత్తలేదా అవ్వా?"

"విత్తనం యాడిదప్పా? నువ్వు తిండని రాసుకొని పోయినావు గదా. తిన్నాం."