నా కడుపునొప్పికి జరిగిన ప్రార్థన

నా చిన్నప్పుడు మా జేజి మోకాళ్ళూని ప్రార్థన మొదలుపెడితే పెన్నలో నీళ్ళు కూడా పారడం ఆపి వినేవి. ఈ మాట మా మనవలకు ఎన్నోసార్లు చెప్పాను. పెన్నలో నీళ్ళు పారేది ఏడాదిలో కొన్నాళ్ళేనని, మిగతా రోజుల్లో ఎవరు ప్రార్థన చేసినా చేయకపోయినా అక్కడ ఇసుకే ఉండేదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. జేజి అంటే మా నాయనను కన్నతల్లి. ఆమె ప్రార్థనకు బలముందని ప్రొద్దుటూరు పక్కన మా పాలెంలో అందరూ నమ్మేవారు. అది మాత్రం అబద్ధం కాదు.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్త రోజులవి. మా పాలెంలో క్రైస్తవులంతా ఒకప్పుడు ఒకే గుడికి పోయేవాళ్ళు. తర్వాత కొందరు విడిపోయి, చప్పట్లు కొట్టి పాడుకునే కొత్త సహవాసం పెట్టుకున్నారు. విడిపోయినవాళ్ళకు పెద్దదిక్కుగా ఉన్నావిడను పిల్లలమంతా పెద్దమ్మ అనేవాళ్ళం. ఆమె, మా జేజి చిన్ననాటి నుంచి పక్కపక్కన కూర్చొని పాడినవాళ్ళే. విడిపోయాక మాత్రం బావి దగ్గర ఒకరు బిందె నింపుకొని పోయేదాకా ఇంకొకరు దూరంగా నిలబడేవారు. మాటల్లేవు.

పక్కింటి అక్క కొత్త సహవాసం మనిషి. ఆమెకు కడుపులో గడ్డ లేచింది. జమ్మలమడుగు ఆసుపత్రిలో ఆపరేషను చేయాలన్నారు. ఆ రోజుల్లో ఆపరేషనంటే పోయిన మనిషి తిరిగి వస్తుందన్న నమ్మకం ఎవరికీ ఉండేది కాదు. మొగుడు ఆమెను బస్సులో తీసుకుపోతూ, కొడుకును మా ఇంట్లో వదిలిపెట్టాడు. వాడిది నా వయసే.

వాడు గడపలో కాలు పెట్టిన రోజే నా రాజ్యం పోయింది. మా ఇంట్లో ఉన్నది ఒక్క కోడి. అది పెట్టే గుడ్డు అంతవరకూ నాది. ఇప్పుడు వాడి సంగటి మీదికి పోయింది. రాత్రి జేజి పక్కన పడుకునే చోటు వాడిది. వీధిలోకి పోతే ఆడవాళ్ళు వాడి తల నిమిరి, నన్ను దాటుకొని పోయేవారు. అన్నిటికంటే మండిపోయేది సాయంత్రం ప్రార్థనలో. జేజి అందరి పేర్లూ పైకి చెప్పి ప్రార్థించేది. ఎప్పుడూ మొదట వచ్చే నా పేరు, వాడూ వాళ్ళమ్మా అయిపోయాక, పశువుల ముందు ఎక్కడో వచ్చేది. మా అమ్మకు కూడా ఒక చిన్న గడ్డ, మరీ పెద్దది కాదు, జనం నన్ను చూసి జాలిపడేంత గడ్డ లేస్తే బాగుండునని కూడా అనుకున్నాను.

ఒకరోజు ఉండబట్టలేక అడిగాను. “వాళ్ళ గుంపోళ్ళు ల్యారా జేజీ? మనమే ఏడవాల్నా ఆయమ్మ కోసం?”

“వాళ్ళమ్మ ఆడ కత్తి కింద పండుకోబోతాంటే నీకు గుంపులు గుర్తొచ్చినాయా? నోరు మూసుకొని తిను” అంది జేజి.

ఆపరేషను నాడు గొలుసు ప్రార్థన పెట్టాలని జేజే అంది. గొలుసు ప్రార్థన అంటే ఒకరి తర్వాత ఒకరు వచ్చి ప్రార్థన చేయడం. ముందువాళ్ళు లేవకముందే తర్వాతివాళ్ళు వచ్చి మోకాళ్ళూనాలి. పొద్దు పొడిచినప్పటి నుంచి ఆసుపత్రి కబురు వచ్చేదాకా చాప ఖాళీగా ఉండకూడదు. మా గుడిలో పెడితే వాళ్ళు రారు, వాళ్ళ దగ్గర పెడితే మావాళ్ళు పోరు. అందుకని ఆ అక్క మిద్దె ఇంట్లోనే చాప పరిచింది జేజి. ఒక వంతు మావాళ్ళది, తర్వాతి వంతు వాళ్ళది. వాళ్ళకు తనే పోయి చెప్పలేక నా చేత కబురు పంపించింది. పెద్దమ్మ మారుమాట లేకుండా తలూపింది.

ఆ రోజు వచ్చిన ప్రతి ఆడమనిషీ వాడికి ఏదో ఒకటి తెచ్చింది. ఒకామె బెల్లం, ఒకామె వేయించిన శెనక్కాయలు. నేను గుమ్మం దగ్గర నిలబడి లెక్కపెట్టడం తప్ప ఏమీ చేయలేకపోయాను. ఇక ఓర్చుకోలేక కడుపు పట్టుకొని, “అమ్మా!” అని నేల మీద పడ్డాను. నా కేకకు పాలెమంతా పరుగెత్తుకొచ్చిందని చాలా ఏళ్ళు చెప్పుకొన్నాను. వచ్చింది జేజి ఒక్కతే. అదీ నడుచుకుంటూ.

“యాడ నొస్తాంది?” అంది.

“ఈడ” అని ఎడమపక్క చూపించాను.

ఆమె నన్ను లేపి నిలబెట్టి, మట్టి దులిపి, “ఇప్పుడు యాడ?” అంది. కుడిపక్క చూపించాను.

జేజి ముఖంలో ఏమీ మారలేదు. నన్ను రెక్క పట్టుకొని లోపలికి తీసుకుపోయి, పెద్దమ్మ ప్రార్థన చేస్తున్న చాప మీదే పడుకోబెట్టింది. మూల కూర్చొని ఉన్న వాడిని పిలిచింది. “అబ్బీ, వీనికి కడుపులో శానా బాధగా ఉండాదంట. నువ్వు ప్రార్థన చెయ్యి నాయనా, వీనికోసం.”

పెద్దమ్మ తన ప్రార్థన ఆపింది. వాడు బెల్లం ముక్క పక్కన పెట్టి, వచ్చి నా తల దగ్గర మోకాళ్ళూని కళ్ళు మూసుకున్నాడు.

“యేసయ్యా, వీనికి కడుపు నొస్తాందంట. శానా ఏడుస్తాండాడు. ముందు వీన్ని చూడు. మాయమ్మను రోంతసేపుండి చూద్దువులే.”

నా పిల్లబుర్రకు దేవుడంటే డాక్టరు లాంటివాడే, ఒకరి తర్వాతే ఒకరిని చూస్తాడు. జమ్మలమడుగులో అక్క మంచం పక్క నుంచి ఆయన లేచి, తెల్లబట్టలు దులుపుకొని, నా కోసం ప్రొద్దుటూరు దారి పట్టడం కళ్ళకు కట్టినట్టు కనిపించింది. అక్కడ అక్క ఒక్కతే, కడుపు కోసి ఉంది.

దిగ్గున లేచి కూర్చున్నాను. “వద్దు సామీ! రావద్దు! ఆడ్నే ఉండు! నాకేం నొస్తాల్యా! ఆయమ్మనే చూడు, ఆయమ్మనే చూడు!” అని మిద్దె అదిరిపోయేలా అరిచాను. అరుస్తూనే ఏడ్చాను. ఈసారి ఏడుపు నిజం. అంతకుముందు నేను చేసినవన్నీ నేర్పిన ప్రార్థనలు. ఇది ఎవరూ నేర్పలేదు.

వాడు నావైపు చూసి, “నిజంగా నొస్తాల్యాదా?” అని అడిగాడు. జేజి కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది. నాకు సిగ్గు రావాలని వాడిని పిలిచిందిగానీ, వాడి నోట ఆ మాట వస్తుందని ఆమె కూడా అనుకోలేదు.

పెద్దమ్మే ముందు నోరు విప్పింది. “ఏం వదినా, మేము గట్టిగా అరుస్తామని ఆడిపోసుకుంటివి. నీ మనవడు మా గుంపునంతా మించిపాయనే!”

“నీ చప్పట్లకు మా గోడలు రాల్తాండాయి. వాని అరుపేముందిలే” అంది జేజి.

విడిపోయాక వాళ్ళు మాట్లాడుకున్న మొదటి మాటలవే. తన వంతు అయిపోయినా పెద్దమ్మ లేచిపోలేదు. ఇద్దరూ ఒకే చాప మీద, ఒకరి భుజం ఒకరికి తగిలేలా మోకాళ్ళూని ఉండిపోయారు. మధ్యలో మేమిద్దరం.

సాయంత్రం బస్సులో వాడి నాయన వచ్చాడు. అక్క బతికింది. కళ్ళు తెరిచి, కొడుకు తిన్నాడా అని అడిగిందట. నేను అరిచిన క్షణానే ఆమె కళ్ళు తెరిచిందని మా మనవలకు చెబుతూ వచ్చాను. నిజానికి పొద్దున్నే ఆపరేషను ముగిసిపోయింది. నా అరుపు వేళకు డాక్టరు చేతులు కడుక్కొని, కాఫీ కూడా తాగేసి ఉంటాడు.

వాడు ఇప్పుడు పులివెందులలో ఉన్నాడు. నేను పాత గుడికే పోతున్నాను. ఆదివారం గుడిలో ఎవరికోసం ప్రార్థించాలో మనవులు చెప్పమంటే ఈ వయసులో కూడా నా నోటికి మొదట వచ్చేది నా మోకాలి నొప్పే. చెప్పేశాక నాలుక కరుచుకొని, పక్కన కూర్చున్నవాళ్ళలో ఒకరి బాధ వెతికి పట్టుకుంటాను. ఆ మనిషి పేరు చెప్పి, కిందామీదా పడి ప్రార్థన చేస్తూ ఉంటాను. అప్పుడు, తల్లి కత్తి కింద ఉండగా అంత సులువుగా ‘ముందు వీన్ని చూడు’ అనేసిన పిల్లవాడి మీద నాకు మళ్ళీ కుళ్ళు పుడుతుంది.