పక్కింటి పెద్దావిడ వెండి జగ్గు

వెండి అనగానే నా చిన్నప్పుడు నాకు తట్టేది కాళ్ళపట్టీలు కాదు, పక్కింటి పెద్దావిడ గాజు బీరువా. మేమప్పుడు న్యూజిలాండ్‌లో, హామిల్టన్‌కి ఉత్తరాన రోటోటూనాలో అద్దెకుండేవాళ్ళం. స్మార్ట్‌ఫోన్లు అందరి చేతుల్లోకీ అప్పుడప్పుడే వస్తున్న రోజులు. ఆ కివీ పెద్దావిడ ఒంటరిగా ఉండేది. ఆవిడ ముత్తాతల కాలంలో ఇంగ్లండు నుంచి ఓడలో వచ్చిన వెండి టీ సామాను ఆ బీరువాలో ఉండేది. అందులో అరచేతిలో ఇమిడే పాల జగ్గంటే ఆవిడకు ప్రాణం. దాన్ని తలకిందులు చేసి, అడుగున ఉన్న గోరంత ముద్రలు నాకు చూపించేది. నడుస్తున్న సింహం, ఒక రాజుగారి తల, చేసిన కంసాలి పేరులోని రెండక్షరాలు. రెండు వందల ఏళ్ళు దాటిన జగ్గు అది.

అమ్మ తరచూ వాళ్ళింటికి వెళ్ళి, ఉతికిన బట్టలు మడతపెట్టడంలో సాయం చేసి, కాసేపు కబుర్లు చెప్పి వచ్చేది. ఆ ఇంటి తాళంచెవి ఒకటి మా దగ్గరే ఉండేది.

ఒక శనివారం వానలో, ఆక్లండ్ నుంచి వచ్చిన ఆవిడ కూతురు మా తలుపు తట్టింది. జగ్గు కనబడడం లేదట. ఇంగ్లీషులో మర్యాదగానే మాట్లాడింది. "మీరు తీశారని నేననడం లేదు. కానీ తాళంచెవి మీ దగ్గరుందని మా అమ్మ పదేపదే అంటోంది. మధ్యాహ్నానికి దొరక్కపోతే పోలీసులకు చెప్పక తప్పదు."

తలుపు వేశాక చూస్తే నాన్న ముఖంలో నెత్తురుచుక్క లేదు. అక్కడే స్థిరపడడానికి పెట్టుకున్న మా రెసిడెన్సీ అప్లికేషన్ ఇంకా తేలలేదు. అలాంటప్పుడు పోలీసుల దాకా పేరు వెళ్తే ఏమవుతుందోనని ఆయన భయం.

అమ్మ సోఫా అంచున కూర్చుని ఆలోచిస్తోంది. "అది హాట్ వాటర్ కబోర్డ్‌లో ఉండుంటుందండీ," అంది చివరికి. వేడినీళ్ళ ట్యాంకు ఉండే ఆ అల్మారాలోనే అక్కడివాళ్ళు తువ్వాళ్ళు పెట్టుకుంటారు. రెండ్రోజుల కింద పెద్దావిడ టవల్‌లో ఏదో చుట్టి అక్కడ పెట్టడం అమ్మ చూసిందట.

"మరి ఆమెతో ఆ ముక్క చెప్పవేం? పద, వెళ్ళి తీసి చూపిద్దాం," నాన్న లేచారు.

"కూతురి ముందు నేను తీసి చూపిస్తే ఆవిడ తలెత్తుకోగలదా? పైగా మనమే దాచి తీశామనుకోరూ? ఆవిడ చేతికే దొరకాలి."

"ఈలోపు ఇంకోచోటికి మార్చేసుంటే?"

అమ్మ నా చెయ్యి పట్టుకుని, గొడుగు లేకుండా వానలోకి నడిచింది. గబగబా కూడా నడవలేదు. వాళ్ళ తలుపు తెరుచుకునేసరికి అమ్మ జడ నుంచి నీళ్ళు కారుతున్నాయి.

"తడిసిపోయాం, ఒక టవల్ ఇస్తారా?" అని అడిగింది.

పెద్దావిడ కోపంగానే ఉంది. కానీ గుమ్మంలో వణుకుతున్న పిల్లను చూసి ఊరుకోలేకపోయింది. లోపలికి వెళ్ళింది. కూతురు చేతులు కట్టుకుని మమ్మల్నే చూస్తోంది. అల్మారా తలుపు కిర్రుమంది. తర్వాత ఏ చప్పుడూ లేదు. అమ్మ నా వేళ్ళను నొప్పి పుట్టేంత గట్టిగా పట్టుకుంది. తనకీ భయంగా ఉందని నాకప్పుడు తెలిసింది.

ఆవిడ ఒక చేత్తో టవల్, ఇంకో చేత్తో జగ్గు పట్టుకుని వచ్చింది. కూతురి వైపు తిరిగి, "నేనే దాచాను. దాచిన సంగతే గుర్తులేదు. ఈమధ్య ఇలా జరుగుతోంది. నీకు చెప్పాలంటే భయమేసింది," అంది.

కూతురి ముఖం ఎర్రబడింది. తల్లిని పొదివి పట్టుకుంది. కాసేపటికి పెద్దావిడ అమ్మకు టవల్ అందిస్తూ, "నిన్ను అనుమానించాను," అంది. "అంత పాత వెండి, ఎవరికైనా బెంగే కదా," అంటూ అమ్మ మొదట నా తల తుడిచింది.

ఆ వారమే కూతురు ఆవిడను డాక్టరుకు చూపించింది. కొంతకాలానికి తనతో ఆక్లండ్ తీసుకెళ్ళిపోయింది.

ఒకరి పొరపాటు నాకు ముందే తెలిసిపోయిన సందర్భాలు ఆ తర్వాత ఇంట్లోనూ, ఉద్యోగంలోనూ చాలా వచ్చాయి. నిజం నాలుక చివరిదాకా వస్తుంది. అప్పుడు ఆగి, అది వాళ్ళ నోటితోనే బయటికొచ్చే దారి ఏదైనా ఉందా అని వెతుకుతాను. అన్నిసార్లూ ఉండదు. ఉన్నప్పుడు, ఆ కాసేపు నేను దోషిలా నిలబడాల్సి వస్తుంది. భయంగానే ఉంటుంది. అయినా నిలబడతాను.