వెలుతురు వడకట్టడానికి కడియం వెళ్ళాను

డిగ్రీ కాలేజీలో ఫిజిక్సు చెప్పే రోజుల్లో, నక్షత్రాల గుంపులను ఫొటో తీయడానికి రెండు గాజు ఫిల్టర్లు, ఒకటి నీలం, ఒకటి పసుపుపచ్చ, కొనమని అర్జీ పెట్టాను. మా హెడ్డుగారు స్టాఫ్‌రూములో అందరి ముందూ, "చుక్కల వెలుతురే చాలీచాలదు, దాన్నీ వడకడతారా మాస్టారూ? టీ కొట్టేమైనా పెడుతున్నారా?" అన్నారు. అందరూ నవ్వారు. లైబ్రరీలో ఖగోళ పుస్తకాలన్నీ చదివినవాణ్ణి, నాకు ఒక్క జవాబు తట్టలేదు. మొన్న ఆయన వాట్సాప్‌లో, ఆ కాలేజీకి ఖగోళశాస్త్రం తెచ్చింది తానేనని రాసుకున్నారు. ఆనాటి ఫొటో ఇప్పుడైనా తీసి ఆయనకు పంపాలనే ఈ ప్రయాణం.

రాజమండ్రి దీపాల మధ్య ఈ పని కుదరదు. జనవరిలో ఒక సాయంత్రం నాలుగున్నరకు, చిన్న టెలిస్కోపు, కెమెరా, నా డబ్బుతో కొనుక్కున్న ఫిల్టర్ల డబ్బాతో కడియం నర్సరీలకు ఆటో ఎక్కాను. రానూపోనూ, ఆగినందుకూ కలిపి ఎనిమిది వందలు. డ్రైవరు సూరిబాబు, "డబ్బాలో ఏంటండి?" అన్నాడు. ఫిల్టర్లన్నాను. "నీళ్ళవాండి? కడియం నీళ్ళు బాగానే ఉంటాయండి బాబూ!"

తెలిసినవాళ్ళ ద్వారా మాట్లాడుకున్న నర్సరీ వెంకటలక్ష్మిగారిది. ఆవిడ టీ ఇచ్చి, గాజు ముక్కలను అటూ ఇటూ తిప్పి చూశారు. ఒకే గుంపును రెండు రంగుల్లో తీసి, ఏ నక్షత్రం ఎందులో ఎక్కువ వెలుగుతుందో పోలిస్తే ఆ గుంపు వయసు అంచనాకు వస్తుందని చెప్పాను. ఆవిడ తలపైనున్న ఆకుపచ్చ వల చూపించి, "మేమూ అదే పనండి. ఏ మొక్కకి ఎంత వెలుతురు ఆపాలో తెలిస్తేనే నర్సరీ" అన్నారు. నాకు ఇన్నేళ్ళూ తట్టని జవాబు అది.

ఏడింటికి ఆకాశం సిద్ధమైంది. సరిగ్గా అప్పుడే పక్క మడిలో చామంతుల మీద వందల బల్బులు వెలిగాయి. తొందరపడి పూయకుండా వాటికి రాత్రి వెలుతురు పెడతారట. నా దగ్గర దీపాల వెలుతురును ఆపే మూడో ఫిల్టరు ఉంది. అది వాయుమేఘాలకు పనికొస్తుంది గానీ, అన్ని రంగుల్లోనూ వెలిగే నక్షత్రాలను కూడా మింగేస్తుంది. మూటాముల్లే సర్దడం మొదలుపెట్టాను.

"ఎంతసేపు ఆపాలండి?" అన్నారావిడ.

"ఇరవై నిమిషాలు. మీ పూలు..."

"చివర్లో ఇంకో ఇరవై నిమిషాలు వేసుకుంటాం లెండి. తియ్యండి మీ ఫొటో."

బల్బులు ఆరి చీకటి పడింది. కృత్తికలు నీలం ఫిల్టరులో ధగధగలాడాయి. రోహిణి చుట్టూ ఉన్న గుంపులో పెద్ద చుక్కలు అదే ఫిల్టరులో వెలవెలబోయాయి. నీలం తగ్గిందంటే అది వయసు మళ్ళిన గుంపు. దాని మీద నాకు కొంచెం అభిమానం కలిగింది.

ఫొటోలు హెడ్డుగారికి పంపి, కింద వెంకటలక్ష్మిగారి మాట ఆవిడ పేరుతోనే రాశాను. రెండు టిక్కులూ నీలంగా మారాయి. ఆయన మీద ఇన్నేళ్ళు మోసిన కోపం కంటే, ఆ ఇరవై నిమిషాల చీకటే నాకిప్పుడు ఎక్కువగా గుర్తొస్తోంది. మీరు వెళ్ళేట్టయితే చామంతి మళ్ళకు దూరంగా ఉన్న నర్సరీ ముందే చూసుకోండి. బల్బులు ఆపమని మాత్రం ఆవిణ్ణి అడగకండి. ఆవిడ కాదనరు, పూలు ముందే పూసేస్తాయి.